ఇత్తడి స్క్రూల డబ్బా

నాన్న సంవత్సరీకం అయిన మూడో రోజున అటక ఖాళీ చేస్తుంటే, పాత పంచాంగాల కట్ట వెనుక నుంచి ఒక డాల్డా డబ్బా చేతికి తగిలింది. డబ్బా చిన్నదే కానీ రెండు చేతులతో దించవలసినంత బరువుంది. మూత బిగుసుకుపోయి ఉంటే చెంచా కాడ దూర్చి లేపాను. కిరసనాయిలు, పాత వార్నిషు, మసకబారిన ఇత్తడి, ఈ మూడూ కలిసిన వాసన ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. అది మా పడవ వాసన. నిచ్చెన దిగకుండా ఆ మెట్టు మీదే కాసేపు కూర్చున్నాను.

సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పైన, ఏ తీరానికీ దగ్గర లేని హైదరాబాదులో తెరచాప పడవ ఏమిటని ఇప్పటికీ చాలామంది నన్ను అడుగుతుంటారు. హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవల పోటీలు ఏళ్ళ తరబడిగా జరుగుతున్నాయి. వానాకాలంలో పడమటి గాలి చెరువు మీదుగా వీస్తుంది కనుక, దేశంలో ఎక్కడెక్కడి నుంచో ఆటగాళ్ళు ఆ గాలి కోసమే ఇక్కడికి వస్తారు. సికింద్రాబాదు వైపు ఒడ్డున బోర్లించిన పడవల వరుసలు నా చిన్నప్పుడు మాకు బస్సులోంచి కనిపించేవి. అక్కడి ఒక క్లబ్బులో, ఇక పనికిరాదని పక్కన పడేసిన పడవ ఒకటి అమ్మకానికి వస్తే, బాలానగర్‌లో ఒక కర్మాగారంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే మా నాన్న, అప్పటికే క్లబ్బు సభ్యుడైన తన సహోద్యోగితో సగం సగం వేసుకుని దాన్ని కొన్నారు.

అది ఎంటర్‌ప్రైజ్ తరగతి పడవ. ఇంగ్లండులో జాక్ హోల్ట్ అనే ఆయన 1956లో దీని నమూనా గీశారు. వడ్రంగం కొంచెం తెలిసిన మనిషి ఇంటి దగ్గరే ప్లైవుడ్‌తో కట్టుకోగలిగే పడవలను రూపొందించడంలో ఆయనది అందె వేసిన చేయి. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, కూర్చునేది ఇద్దరు, తెరచాపలు రెండు. ఆ రెండూ నీలం రంగువే ఉండటం ఈ తరగతికి గుర్తు. నాన్నను ఆకట్టుకున్నది ఆ నీలం కాదు. పడవతో పాటు వచ్చిన, నాలుగు మడతలు చిరిగిన నక్షా కాగితాన్ని ఆయన ఆ రాత్రంతా బల్ల మీద పరిచి చూస్తూ కూర్చున్నారు. వృత్తిరీత్యా రోజూ గీతలు గీసే మనిషికి, ఒక్క గీత కూడా వృథాగా లేని గీత పని అందులో కనిపించిందని చాలా ఏళ్ళ తరువాత నాతో చెప్పారు.

బోయిన్‌పల్లిలో మేము అద్దెకున్న ఇంటికి వెనుక పెద్ద పెరడు, అందులో ఒక వేపచెట్టు ఉండేవి. పడవను రెండు ఇటుక దిమ్మెల మీద బోర్లించి పెట్టారు. ఆ మరునాడు ఆదివారం పొద్దున్నే నాన్న నా చేతికి సుద్దముక్క ఇచ్చి వెంట రమ్మన్నారు. స్క్రూడ్రైవరును తిరగేసి, దాని కొయ్య పిడితో పడవ ముందు కొస అయిన అణియం నుంచి వెనుక కొస అయిన అమరం దాకా జానెడు జానెడు దూరంలో పడవ అడుగును కొట్టుకుంటూ వెళ్ళారు. గట్టి చెక్క మీద టక్, టక్ అని పొడిగా మోగేది. అలా మోగుతూ మోగుతూ ఒకచోట హఠాత్తుగా డబ్ అని, తడిగోడను గుప్పిటతో గుద్దినట్టు వినిపించేది. అక్కడ నేను సుద్దతో సున్నా చుట్టాలి. కొన్నిచోట్ల ఆయన కొట్టి నా వైపు చూసేవారు. నేను చెప్పిందాకా కదిలేవారు కాదు. ఆ పూటకు పదిహేడు సున్నాలు అయ్యాయి.

ఉప్పునీటిలో తిరిగిన పడవ కంటే మంచినీటిలో తిరిగిన పడవకే కుళ్ళు ఎక్కువ వస్తుందని అప్పుడే తెలిసింది. ఉప్పు బూజును పెరగనివ్వదు. చెరువు నీటికీ, వాన నీటికీ ఆ గుణం లేదు. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిస్తే బూజు లోపల కాపురం పెడుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. మాకంటే ముందు ఆ పడవ ఎవరి చేతిలో ఉండేదో కానీ, కుళ్ళిన ప్రతిచోటా దట్టంగా లప్పం పెట్టి, దాని మీద రంగు వేసి ఉంచారు. నాన్న ఉలి మొనతో ఒక అంచును లేపితే ఆ లప్పం అరచేయంత పెచ్చుగా ఊడివచ్చింది. కింద చెక్క తడిసిన బ్రెడ్డులా ఉంది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు కానీ, ఆ పెచ్చును మాత్రం ఆ వేసవి అంతా కిటికీ గట్టు మీదే ఉంచారు.

నాన్నకు నక్షా చదవడం వచ్చు, చిత్రిక పట్టడం రాదు. అందుకని భోయిగూడ టింబర్ డిపోల దగ్గర తలుపులు, మంచాలు చేసే ఒక పెద్దాయనను ఆదివారాలు రమ్మని బతిమాలారు. మేమందరం ఆయనను చాచా అనేవాళ్ళం. చాచా అంతవరకు పడవ ముట్టుకోలేదు. మొదటి రోజు పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, దీంట్లో ఒక్క మూలమట్టం కూడా లేదే, ఎక్కడి నుంచి కొలవాలి అని నాన్నను అడిగారు. ఇద్దరూ కలిసి అణియం నుంచి అమరానికి పురికొస తాడు లాగి కట్టి, దాన్నే ఆధారం చేసుకున్నారు.

కుళ్ళు తియ్యడంలో ఆయనకు జాలి లేదు. నాన్న గీసిన సున్నా వరకు కోసి ఆగబోతే, చాచా చాకు మొన గుచ్చి చూసి, "ఇంకా తియ్యాలె సాబ్" అనేవారు. మరో అంగుళం కోస్తే మళ్ళీ గుచ్చి, "ఇంకా తియ్యాలె" అనేవారు. పిడికిలి పట్టేంత రంధ్రం అనుకున్నది మధ్యాహ్నానికి నా తల దూరేంత అయ్యేది. పడవ లోపలికి వేపచెట్టు నీడ పడటం చూసి అమ్మ కంగారుపడింది. బాగు చేస్తున్నారా, విరగ్గొడుతున్నారా అని అడిగింది. కోసిన అంచు నుంచి కొత్త కలప వాసన వచ్చేవరకు చాచా ఆగలేదు. ఆ వాసన రాగానే నన్ను పిలిచి, "చూడు బేటా, ఈడ బతికుంది" అని చూపించేవారు.

ప్లైవుడ్ సంగతి వేరే కథ. పడవకు వాడేది ఐ.ఎస్. 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ అయి ఉండాలి. ఆ ప్రమాణం ప్రకారం ముక్కను 72 గంటలు నీళ్ళలో ఉడికించినా పొరలు విడిపోకూడదు. ఒక దుకాణంలో ముద్ర ఉన్న పలకనే ఇచ్చారు. నాన్నకు ఎందుకో మనసు ఒప్పలేదు. మూల నుంచి మూడంగుళాల ముక్క కోసి, అమ్మను అడిగి ఒక పాత సిల్వరు గిన్నె తీసుకుని, పెరట్లో పంపు స్టవ్వు వెలిగించి ఉడకబెట్టారు. డెబ్బైరెండు గంటలు ఎవరికి సాధ్యం, ఒక్క ఆదివారం చాలన్నారు. నీళ్ళు తరిగినప్పుడల్లా పొయ్యడం నా పని. స్టవ్వు హోరు, గిన్నెలో ముక్క అంచుకు కొట్టుకునే చప్పుడు, వీధిలో ఐస్‌ఫ్రూట్ బండి గంట, పక్కింటి రేడియోలో వివిధ భారతి, ఇవన్నీ కలిసి ఆ మధ్యాహ్నం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నాలుగు గంటలకు పటకారుతో ముక్కను బయటకు తీస్తే అది మడత కాజాలా పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది. నాన్న ఆ ముక్కను కాగితంలో చుట్టుకుని దుకాణానికి వెళ్ళారు. వాళ్ళు డబ్బు వాపసు ఇవ్వలేదు. ఇంకో నెల జీతం వచ్చేవరకు ఆగి, మరోచోట ఇంకో పలక కొన్నారు. దాని ముక్కను కూడా ఉడకబెట్టారు. అది సాయంత్రానికి రంగు మారింది తప్ప, గోరు దూరే సందు కూడా ఇవ్వలేదు.

అతుకు వెయ్యడం ఆ ఇద్దరి దగ్గర చూసి నేర్చుకున్నాను. రెండు పలకలను అంచుకు అంచు ఆనించి అతికిస్తే ఆ అతుకు నిలవదు. రెండింటి అంచులనూ వాలుగా చిత్రిక పట్టి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాలి. వాలు పొడవు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి. మా పడవ అడుగు చెక్క మందం ఆరు మిల్లీమీటర్లు కనుక వాలు నలభై ఎనిమిది. ఆ నలభై ఎనిమిది మిల్లీమీటర్ల వాలులో ప్లైవుడ్ పొరలన్నీ లేత, ముదురు చారలుగా బయటపడతాయి. చారలు తిన్నగా ఉంటే చిత్రిక సరిగా నడిచినట్టు, వంకర పోతే చేయి ఒకవైపు బరువు వేసినట్టు. చాచా పట్టిన వాలు మీద చారలు రూళ్ళకర్రతో గీసినట్టుండేవి. నాన్నకు అవి తిన్నగా రావడానికి రెండు వేసవులు పట్టింది. చిత్రిక నుంచి ఉంగరాలుగా చుట్టుకుని రాలే పొట్టును ఏరి నేనూ చెల్లీ దండలు గుచ్చేవాళ్ళం.

జిగురుకు అరాల్డైట్. రెసిన్, హార్డెనర్ సమానంగా తీసి, గాజు పలక మీద కొంచెం కొంచెంగా కలపాలి. ఒకసారి నాన్న లోపలికి వెళ్ళినప్పుడు పని తొందరగా అవుతుందని నేను రెండు డబ్బాల నుంచీ పెద్ద మొత్తంలో తీసి ఒక ప్లాస్టిక్ డబ్బాలో కలిపాను. కొన్ని నిమిషాల్లోనే డబ్బా చేతిలో వేడెక్కింది, ఆపైన మెత్తబడింది, ఘాటైన పొగ వచ్చింది. భయపడి పెరట్లోకి విసిరేశాను. పలచగా పరిచినప్పుడు వేడి బయటకు పోతుంది, కుప్పగా ఉంచితే ఆ వేడి దానినే ఇంకా తొందర పెడుతుంది అని నాన్న నిదానంగా చెప్పారు. అది ఆయన వారం పాటు కూడబెట్టుకున్న జిగురు. తిట్టలేదు. తిడితే బాగుండేదని ఆ రాత్రి నాకు అనిపించింది.

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో అతుకు పని మాకు ఎలా సాగిందంటే, పగలంతా కొలవడం, కొయ్యడం, చిత్రిక పట్టడం. జిగురు మాత్రం పొద్దు వాలాకే. మొదట్లో పొద్దున్నే జిగురు పూసేవాళ్ళం. ఎండ ఎక్కేకొద్దీ చెక్క రంధ్రాల్లోని గాలి వేడికి వ్యాకోచించి, ఆరబోయే జిగురులోంచి బుడగలుగా పైకి వచ్చి, మధ్యాహ్నానికి అంతా చిల్లులు పడేది. కారణం నాన్నకు తట్టడానికి మూడు అతుకులు పాడైపోయాయి. సాయంత్రం చెక్క చల్లబడేటప్పుడు పూస్తే ఆ గాలి లోపలికి ముడుచుకుంటూ జిగురును కూడా తనతో లాక్కుపోతుంది. అప్పటి నుంచి దీపాలు పెట్టే వేళ మా పనివేళ అయింది. అమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టి వచ్చేది. నాన్న జిగురు పూసేవారు. చాచా పాలిథిన్ కాగితం పరిచి, దాని మీద పలక పెట్టి సికంజాలు బిగించేవారు. నేను టార్చి పట్టుకునేవాడిని.

స్క్రూలు ఇత్తడివి. ఇనుము నీటిలో తుప్పు పట్టి చుట్టూ ఉన్న చెక్కను కూడా చెడగొడుతుంది. కానీ ఇత్తడి మెత్తన. గట్టి కలపలో బలవంతంగా తిప్పితే తల తెగిపోతుంది. రాణీగంజ్ నుంచి తెచ్చిన ఎనిమిదో నంబరు, ముప్పావు అంగుళం స్క్రూ ఒక్కొక్కదాన్ని నాన్న ముందు సబ్బుముక్క మీద దొర్లించేవారు. బరమాతో దారి వేసి, అదే కొలత ఇనుప స్క్రూను ఒకసారి ఎక్కించి, తీసి, ఆ వేసిన దారిలో ఇత్తడిదాన్ని బిగించేవారు. అన్నీ అయ్యాక వాటి తలల మీది గాట్లను పడవ పొడవుకు సమాంతరంగా ఒకే వరుసలో నిలిపేవారు. పైన లప్పం, రంగు పడితే గాట్లు ఎలాగూ కనిపించవు కదా అంటే, మళ్ళీ విప్పవలసి వస్తే ఏది ఎంత తిరిగిందో తెలుస్తుంది అన్నారు.

తెరచాపలో బట్ట కంటే ముందు దారం పోతుంది. ఎండకు అది తీగలా పెళుసెక్కి, గోటితో గీకితే తెగిపోయేది. అమ్మ తన ఉషా మిషను మీద పొడుగు కుట్లన్నీ మళ్ళీ వేసింది. నీలం బట్ట గదంతా నిండి, గుమ్మం దాటి వరండాలోకి పారేది. మూలల్లో ఐదారు మడతలు ఉన్నచోట మిషను సూది విరిగింది. వాటిని మోండా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన మైనం పట్టించిన దారంతో, ఆరెతో కుట్టి ఇచ్చారు. ఆయన కుట్లు చివరి వరకు ఒక్కటి కూడా ఊడలేదు.

మృగశిర నాటికి పడవ నీళ్ళలో పడాలి. అదొక్కటే గడువు. నగరంలో చేప మందు కోసం జనం వరుసలు కట్టే రోజుల్లో, మేము పడవను డీసీఎం వ్యాను ఎక్కించి, ప్యారడైజ్ మీదుగా, రాణీగంజ్ మీదుగా చెరువుకు తీసుకువెళ్ళేవాళ్ళం. వెనుక పడవలో కూర్చుని వెళ్ళడానికి చెల్లికీ నాకూ మధ్య ప్రతి ఏడూ పోటీ. తెరచాప కట్టే స్తంభాన్ని, అంటే మాస్టును నిలిపే ఉక్కు తీగలను నాన్న ఒడ్డున చివరిసారి పరీక్షించేవారు. చేతిలో దూది పట్టుకుని తీగ పొడవునా తుడుస్తూ వెళితే, లోపల ఎక్కడైనా పోగు తెగి ఉంటే దూది అక్కడ చిక్కుకుని తెల్లగా వేలాడేది. చేత్తో తడిమితే ఆ పోగు వేలు కోస్తుంది.

పాత చెక్క పడవలన్నిటికీ ఒకే రోగం. పడవ పక్కకు జారకుండా అడుగు నుంచి నీళ్ళలోకి దించే పలకను సెంటర్‌బోర్డు అంటారు. అది దిగే పెట్టె పడవ అడుగుతో కలిసే కీలు దగ్గర నీళ్ళు ఊరతాయి. గాలి పడవను పక్కకు తోసినప్పుడల్లా ఆ బోర్డు తన బరువంతా ఆ కీలు మీదే వేస్తుంది. ఎక్కడ ఊరుతోందో కంటికి ఆనదు. లోపల తడి కనిపించేసరికి అది అన్ని వైపులా పాకి ఉంటుంది. దానికి నాన్న చేసిన ఉపాయం నేను మరెక్కడా చూడలేదు. అమ్మ ముగ్గు డబ్బాలోంచి పిండి తీసుకుని, పెట్టె చుట్టూ కీలు వెంబడి సన్నటి గీత వేసేవారు. పడవను నీళ్ళలో దింపి, దాని పక్కన మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఆ తెల్ల గీతను చూస్తూ ఉండేవారు. ఎక్కడ గీత ముందుగా నల్లబడితే అక్కడే చిల్లు. రెండో ఏడు అరగంట గడిచినా గీత తెల్లగానే ఉంది. సహోద్యోగి మాస్టు ఎక్కిద్దామా అని అడిగితే, నాన్న ఇంకో పది నిమిషాలు అన్నారు.

నేను పడవ నడపడం గురించి పెద్దగా రాయలేదు. నిజానికి మేము నడిపింది తక్కువ. గుర్రపుడెక్క చుక్కానికి చుట్టుకునేది. నాలా నీళ్ళు వచ్చి కలిసే వైపు వెళితే పడవ అంచున నల్లటి చార పడేది. దాన్ని ఆ సాయంత్రమే కడగకపోతే రంగులోకి దిగిపోయేది. 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని బార్జి మీద తీసుకువెళ్తుండగా అది నీట మునిగి ప్రాణాలు పోయిన తరువాత, 1992 డిసెంబరులో విగ్రహాన్ని పైకి తీసేవరకు, చెరువు మధ్యలోని జిబ్రాల్టర్ రాక్ వైపు వెళ్ళినప్పుడల్లా నాన్న మాటలాపేవారు. రాయగిరి దగ్గర ఒకే రాతిలో చెక్కిన ఆ విగ్రహం మన కింద నీళ్ళలో పడుకుని ఉందన్న తలపు నన్ను కూడా నిశ్శబ్దం చేసేది. ఒక ఏడు నిమజ్జనాల తరువాత, లోతు తక్కువ ఉన్నచోట నీటిలో మిగిలిపోయిన ఇనుప చట్రం ఒకటి పడవ అడుగును బారెడు పొడవునా చీల్చింది. ఒడ్డు చేరాక నాన్న ఆ చీలికలో వేలు పెట్టి చూసి, చెక్క లోపల పొడిగా, లేత రంగులో ఉందని సంతోషపడ్డారు. కుళ్ళు లేదు, తెగింది అంతే అన్నారు.

తరువాత ఫైబర్‌గ్లాసు పడవలు వచ్చాయి. వాటికి చిత్రిక అక్కర లేదు, మృగశిర గడువు అక్కర లేదు. సహోద్యోగికి వేరే ఊరు బదిలీ అయింది. చాచా చూపు తగ్గి భోయిగూడ రావడం మానేశారు. నాన్నకు ఆపరేషను జరిగి చాలాకాలం మంచం మీద ఉన్నారు. నేను ఇంజనీరింగు చదువుకు వెళ్ళిపోయాను. పడవ పెరట్లో ఇటుక దిమ్మెల మీద రెండు వానాకాలాలు బోర్లా ఉండిపోయింది. దాని కింద ఎవరం తొంగి చూడలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. సెలవులకు వచ్చినప్పుడు ఒక్కసారి వంగి చూసి ఉంటే, ఇటుకల వెంబడి పైకి పాకిన మట్టి గొట్టాలు కనిపించి ఉండేవి.

నాన్న కోలుకుని మొదటిసారి పెరట్లోకి వచ్చిన రోజున నేను ఇంట్లోనే ఉన్నాను. పాత అలవాటుగా స్క్రూడ్రైవరు తిరగేసి అణియం దగ్గర కొట్టారు. డబ్ అంది. ఒక జానెడు జరిగి కొట్టారు. డబ్. నేను సుద్దముక్క తేబోతే వద్దని చెయ్యి ఊపారు. ఇద్దరం పడవను తిరగెయ్యబోయాము. నా చేతిలో ఉన్న వైపు రంగు పొర మాత్రమే మిగిలి, లోపలి నుంచి చెదల మట్టి జలజలా రాలింది. మేము వేసిన అతుకులు మాత్రం అలాగే ఉన్నాయి. ఉడకబెట్టి చూసి తెచ్చిన ఆ మెరైన్ ప్లైవుడ్‌కు తయారీలోనే చెదల మందు పట్టించి ఉంటారు. పడవంతా మట్టయిపోయినా, పదిహేడు సున్నాల చోటా మా పలకలు చుట్టూ జిగురు అంచుతో సహా ఒక్కొక్కటిగా ఊడి చేతికి వచ్చాయి. నాన్న వాటిని గోడకు ఆనించి వరుసగా పేర్చి, ఒక్కొక్కదాన్నీ పిడితో కొట్టి చూశారు. టక్, టక్ అని పొడిగా మోగాయి. వాటిలో పెద్దది చాలా ఏళ్ళు మా ఇంట్లో నీళ్ళ డ్రమ్ము మీద మూతగా ఉంది.

మిగిలినదంతా పాతసామాన్లవాళ్ళకు వేసే ముందు ఆయన రెండు రోజులు కూర్చుని స్క్రూలు విప్పారు. చెక్క లేనిచోట వేళ్ళతోనే వచ్చేశాయి. ఉన్నచోట గాట్లలో నిండిన రంగును సూదితో తీసి, కిరసనాయిలు చుక్క వేసి, ఆగి, నిదానంగా తిప్పారు. విప్పినవన్నీ డాల్డా డబ్బాలో పోశారు. దేనికి అని నేను అడగలేదు.

మొన్న ఆ డబ్బాను వంటింటి గట్టు మీద ఒలకబోసి లెక్కపెట్టాను. మూడు వందల పన్నెండు. అమ్మ వచ్చి చూసి, ఏమీ అనకుండా చింతపండు ఇంత తీసి, దేవుడి సామాను తోమే పళ్ళెంలో నానబెట్టింది. గంట తరువాత ఇద్దరం కూర్చుని తోమడం మొదలుపెట్టాము. నలుపు వదిలి ఒక్కొక్కటే పచ్చగా బయటపడుతుంటే, కొన్నింటి గాట్లలో నీలం రంగు ఇంకా గట్టిగా పట్టుకుని ఉంది. సూది తేనా అని అడిగింది అమ్మ. వద్దన్నాను.